పరుపులాయన చేయించుకున్న కత్తి

ఆ వీధిలో అందరూ ఆయన్ని పరుపులాయన అనే పిలిచేవారు. అసలు పేరొకటి ఉండేది గానీ అది కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనబడేది కాదు. పెళ్ళికి ముందు నుంచీ దూదితోనే బతికిన మనిషి. కనుబొమల్లో దూది, చెవుల్లో దూది, చొక్కా జేబులో దూది. భోజనం పళ్ళెంలో ఎప్పుడైనా ఒక పోగు తేలితే భార్య దాన్ని రెండు వేళ్ళతో తీసి పక్కన పెట్టేదే గానీ ఏమీ అనేది కాదు. దూదితో సహవాసం చేసి చేసి ఆయనా అలాగే తయారయ్యాడు. గట్టిగా మాట్లాడడు, గట్టిగా తుమ్మడు. ఆయన తలుపు తడితే లోపలివాళ్ళు పిల్లి గోకుతోందనుకునేవారు. ఎవరైనా తన కాలు తొక్కితే తనే ఏమీ అనుకోవద్దని చెప్పి వెళ్ళేవాడు.

ఒక్క విషయంలో మాత్రం మొండిఘటం. పరుపు కావాలని ఎవరొచ్చినా ముందు కూర్చోబెట్టి ప్రశ్నలు వేసేవాడు. పడుకునేది ఎవరు? వెల్లకిలా పడుకుంటారా, పక్కకి తిరిగా? నిద్రలో దొర్లుతారా, పడుకున్న చోటే లేస్తారా? వీటికి సమాధానం చెప్పలేని వాళ్ళకి ఆయన పరుపు కుట్టేవాడు కాదు. ఒకసారి ఒక పెద్దమనిషి వచ్చి, ఇంట్లో చుట్టాల గదికి పరుపు కావాలన్నాడు. ఎవరు పడుకుంటారని అడిగితే, ఎవరొస్తే వాళ్ళన్నాడు. "అయితే వాళ్ళొచ్చాక రండి" అని పరుపులాయన చాలా మర్యాదగా పంపించేశాడు. ఆ పెద్దమనిషికి వీధి చివరిదాకా వెళ్ళాక గానీ తనని కాదన్నారన్న సంగతి అర్థం కాలేదట.

కొట్టు పొడుగ్గా, ఇరుకుగా ఉండేది. ముందు వైపు భార్య బల్ల, కుట్టు మిషను. గలేబులకీ పరుపుల పైబట్టకీ కత్తిరింపంతా ఆవిడదే. సుద్దగీత గీయకుండా, కొలత చూసుకోకుండా, ఎటో చూస్తూ మాట్లాడుతూనే బారెడు బట్ట సూటిగా కత్తిరించేది. నోటికీ కత్తెరకీ ఒకే పదును ఆవిడకి. వెనక గదిలో దూది ఏకే మిషను, దాని చుట్టూ కొండల్లా దూది. ఆ వెనక తలుపు తీస్తే సిమెంటు పెరడు, అక్కడ పాత పరుపులు ఎండకేసేవారు. పై అంతస్తులో కాపురం.

రోడ్డుకి అటువైపు ఫోము షాపు. అద్దాల తలుపులు, పగలు కూడా వెలిగే దీపాలు. దాని యజమాని భారీ మనిషి, నవ్వు మొహం. ఏటా క్యాలెండర్లు అచ్చు వేయించి ఊరంతా పంచేవాడు. పన్నెండు నెలల మీదా ఆయన ఫోటోనే, ఫోము పరుపు మీద బుగ్గకింద చెయ్యి పెట్టుకుని పడుకుని నవ్వుతూ ఉండేది. ఆ షాపు వచ్చాక పరుపులాయన బేరాలు సగానికి సగం తగ్గాయి. అయినా ఆయనకి ఏ కోపమూ లేదు. ఎవరైనా పొరపాటున వచ్చి ఫోము ఉందా అంటే చెయ్యి చాచి చూపించి, "ఎదురుగానే. మెట్లు జాగ్రత్త" అనేవాడు.

అలాంటి మనిషికి కత్తి మీద మనసు ఎలా పోయిందంటే, దానికి కారణం ఒక పన్ను.

దవడ పన్ను సలుపు తట్టుకోలేక ఒకరోజు పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. బయట బెంచీ మీద చెంప పట్టుకుని కూర్చున్నాడు. పక్కన అట్టలేని పాత పత్రిక పడుంది. తెరిచిన పేజీలో కత్తి బొమ్మ ఉంది. వెయ్యేళ్ళ కిందట వైకింగులనే వాళ్ళుండేవారట. చలి దేశాల నుంచి పడవల మీద వచ్చి ఊళ్ళు దోచుకుని పోయేవారట. వాళ్ళలో ఎవడిదో కత్తి నది అడుగున బురదలో దొరికింది. వెడల్పాటి రేకులాంటి అలుగు, మధ్యలో పొడుగునా గాడి, పొట్టి అడ్డబద్ద, పిడి చివర బరువుకి ఒక గుండు. అలుగు మీద ఏవో అక్షరాలు. పరుపులాయన ఆ బొమ్మ వంక ఎంతసేపు చూశాడో ఆయనకే తెలియదు. లోపలికి పిలిచేసరికి సలుపు సంగతి మర్చిపోయాడు. డాక్టరు పన్ను పీకి దూది పెట్టాక, నోరు తిరగకపోయినా ఆ పేజీ కావాలని సైగ చేసి అడిగాడు. పన్ను అక్కడిచ్చేసి బొమ్మ ఇంటికి తెచ్చుకున్నాడు.

దాన్ని దూది మిషను పక్కన గోడకి అంటించాడు. రోజూ చూసేవాడు. చూసి చూసి చివరికి ఒకనాడు గోడ నుంచి ఒలిచి, మడిచి జేబులో పెట్టుకుని గేట్ల మేస్త్రీ దగ్గరికి వెళ్ళాడు.

గేట్ల మేస్త్రీ ముసలివాడు. ఊళ్ళో సగం గేట్లు, కిటికీ చువ్వలు ఆయన చేసినవే. ఇప్పుడంతా కరెంటుతో అతుకులు వేసే పనే గానీ షెడ్డు మూల పాత కొలిమి ఒకటి అలాగే ఉంచుకున్నాడు. వారానికోసారి బూడిద ఊది మళ్ళీ వదిలేసేవాడు.

"ఏం కావాలి తమ్ముడూ, గేటా, కిటికీయా?"

"కత్తి."

"కూరగాయలకా?"

పరుపులాయన మడత విప్పి చూపించాడు. మేస్త్రీ చేతులు తుడుచుకుని కాగితం తీసుకుని వెలుతురులోకి వెళ్ళాడు. అక్కడ స్టూలు మీద గేటు కోసం వచ్చిన మనిషి ఒకాయన కూర్చునున్నాడు. మేస్త్రీ ఆయన వైపు తిరిగి, "మీ గేటు వచ్చే నెల" అన్నాడు.

"నిన్న ఈ వారం అన్నారు కదండీ."

"నిన్న ఈయన రాలేదు కదండీ."

ఆ మనిషి గొణుక్కుంటూ వెళ్ళిపోయాక మేస్త్రీ స్టూలు ఖాళీ చేసి పరుపులాయన్ని కూర్చోబెట్టాడు. "చేతివాటం ఏది? కుడా, ఎడమా? నిలబడి నరుకుతావా, ముందుకు ఉరుకుతూనా? పై నుంచి కిందికా, అడ్డంగానా?"

"గోడకి తగిలించుకుందామనండీ."

"గోడ మీదకైతే మేకు చాలు కదా, కత్తెందుకు?" మేస్త్రీ కోప్పడలేదు, నచ్చజెప్పాడు. "చూడు తమ్ముడూ. ఎవరి మీదకో చెప్పాలి. వాడు పొడుగా, పొట్టా, మెడ లావా, సన్నమా. బరువు ఎక్కడ నిలపాలో, మొన ఎంత ఉంచాలో దాన్నిబట్టే ఉంటుంది. ఏదో ఒకటి చేసిమ్మంటే నా దగ్గర కుదరదు."

పరుపులాయన చెవులు ఎర్రబడ్డాయి. చుట్టాల గది పెద్దమనిషి గుర్తొచ్చాడు. తన ఎదుట ఆయన ఎలా నీళ్ళు నమిలాడో ఇప్పుడు తనూ అలాగే నములుతున్నాడు. లేచి వెళ్ళిపోదామనుకున్నాడు. వెళ్ళిపోతే మళ్ళీ వచ్చే ధైర్యం ఉండదని కూడా తెలుసు. దిక్కులు చూశాడు. మేస్త్రీ తల మీదుగా గోడకి ఫోము షాపు క్యాలెండరు వేలాడుతోంది. వేలు దానంతటదే లేచింది.

"ఆయన" అన్నాడు.

మేస్త్రీ వెనక్కి తిరిగి కళ్ళు చికిలించి చూశాడు. "మెడ లావే. పడుకునున్నాడు, పొడుగు తెలీడం లేదు. సరే, అది నేను చూసుకుంటాను."

ఎంతవుతుందని అడిగితే ఇనుము ఖర్చు ఇచ్చి ఒక పరుపు కుట్టివ్వమన్నాడు మేస్త్రీ. ఎప్పటి నుంచో నడుం పట్టేస్తోందట. ఎలా పడుకుంటారని పరుపులాయన అడిగాడు. బోర్లా అన్నాడు మేస్త్రీ. వంచిన కాలు ఏదని అడిగాడు పరుపులాయన. మేస్త్రీకి తెలియలేదు. ఇనుము పెట్టి కొట్టే దాగలి పక్కన నేల మీద బోర్లా పడుకుని చూసుకుని, ఎడమదన్నాడు. అలా ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి గౌరవం ఏర్పడింది.

ఆ సాయంత్రం భార్య గలేబు కత్తిరిస్తుండగా పరుపులాయన బల్ల పక్కన నిలబడి, "కత్తి చేయిస్తున్నానే" అన్నాడు.

"కత్తెరలు రెండున్నాయిగా."

"కత్తెర కాదు. కత్తి. యుద్ధానికి వాడేది."

ఆవిడ కత్తెర ఆపింది. "ఎవరితో యుద్ధం?"

"ఎవరితోనూ కాదు. మేస్త్రీతో మాత్రం ఫోము షాపాయన మీదకని చెప్పాను."

"ఎందుకు చెప్పారు?"

"అడిగాడు మరి."

"అడిగితే చెప్పేయడమేనా? నా మీద కోపమొచ్చిందా అని ఇన్నేళ్ళలో నేనెన్నిసార్లు అడిగాను, ఒక్కసారైనా చెప్పారా?" అని ఆవిడ కాసేపు ఆయన మొహంలోకి చూసింది. "అసలు కత్తెందుకండీ?"

పరుపులాయన నిజాయితీగా ఆలోచించాడు. "బొమ్మ చూస్తే పన్ను నొప్పి తగ్గింది."

"డాక్టరు పీకితే తగ్గింది."

"బొమ్మ చూసేటప్పటికి ఇంకా పీకలేదు."

అదీ నిజమేనని ఆవిడ ఒప్పుకుంది. ఆ ఇంట్లో అలా జరగడం అదే మొదలు. ఆవిడ మళ్ళీ కత్తెర తీసుకుంది.

మేస్త్రీ ఒక ఇనపకడ్డీ ఇచ్చి పంపాడు. కత్తి బరువంతే దాని బరువూ. రోజూ పొద్దున్నే దాన్ని తిప్పాలి, లేకపోతే మణికట్టు ఆగదన్నాడు. పరుపులాయన పెరట్లో నిలబడి తిప్పాడు. గాలిని కొట్టడం ఆయనకి మొహమాటంగా అనిపించి, ఎండకేసిన పాత పరుపుల్ని కొట్టాడు. ఎన్ని ఏళ్ళ దుమ్మో, పొగలాగా లేచింది. భార్య గుమ్మంలో నిలబడి చూసి, "ఆ చివరిది కూడా" అంది. మర్నాటికి పక్కింటివాళ్ళు తివాచీ తెచ్చారు. ఆ మర్నాటికి వెనకింటివాళ్ళు సోఫా దిండ్లు తెచ్చారు. పగవాడి మెడ కోసం సాధన చేస్తూ పరుపులాయన వీధిలో సగం ఇళ్ళ దుమ్ము దులిపిపెట్టాడు.

ఒక మధ్యాహ్నం మేస్త్రీ ఫోను చేశాడు. "బొమ్మలో అలుగు మీద అక్షరాలున్నాయి చూశావా? పాతవాళ్ళు కత్తికి పేరు పెట్టుకునేవాళ్ళట, మా మనవరాలు చదివి చెప్పింది. నీ కత్తికి పేరు చెప్పు. అలుగు మీద చెక్కి అందులో ఇత్తడి తీగె పొదుగుతాను."

పరుపులాయనకి ఏమీ తోచలేదు. చెవి దగ్గర ఫోను అలాగే పట్టుకుని భార్య వైపు తిరిగాడు. "కత్తికి పేరు కావాలంటున్నాడు. ఏం పెడదాం?"

ఆవిడ మిషను మీంచి తలెత్తకుండా, "ఇదేం గోల" అంది.

"ఇ, దేం, గో, ల. నాలుగే" అన్నాడు అవతల మేస్త్రీ. "చక్కగా సరిపోతాయి." ఫోను పెట్టేశాడు.

పరుపులాయన వెంటనే మళ్ళీ చేశాడు. కానీ మేస్త్రీ కొలిమి దగ్గరికి వెళ్ళాక సమ్మెట మోతలో ఆయనకి ఫోను వినపడదు.

పేరు సంగతి తేలాక మేస్త్రీకి మెడ సంగతి మిగిలింది. చేసే పనిలో ఊహలు పనికిరావన్నది ఆయన పద్ధతి. మోచేతుల దాకా బొగ్గు మసితో అలాగే ఫోము షాపుకి నడిచాడు. అద్దాల తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి, "మీ ఓనరు నిలబడి ఉండగా చూడాలి" అన్నాడు.

ఫోము షాపాయన ఎదురొచ్చాడు. మేస్త్రీ ఆయన చుట్టూ ఒకసారి తిరిగి జేబులోంచి టేపు తీశాడు. షాపు బోర్డు మీద 'మీ ఒంటి కొలతలకే మా పరుపు' అని రాసి ఉండేది. ఈయన దాన్ని తిరగేసి, కొలవాల్సింది ఓనరునని అర్థం చేసుకున్నాడు కాబోలు, పోనీ పాపం ముసలాయన అనుకుని ఫోము షాపాయన చేతులెత్తి నిలబడ్డాడు. మేస్త్రీ భుజాలు కొలిచాడు, ఎత్తు కొలిచాడు. తర్వాత టేపు మెడ చుట్టూ వేశాడు.

"పరుపుకి మెడ కొలతెందుకండీ?"

"పరుపుకి కాదు, కత్తికి" అన్నాడు మేస్త్రీ. ఆయనకి అబద్ధం చెప్పే అలవాటు లేదు. "ఎదురుగా ఉన్న పరుపుల తమ్ముడు చేయించుకుంటున్నాడు, మీ మీదకి. నెలాఖరుకి అయిపోతుంది." టేపు చుట్టుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు ఫోము షాపాయన రోడ్డు దాటి వచ్చాడు. ఇన్నేళ్ళలో ఆయన ఆ కొట్టు మెట్టెక్కడం అదే మొదటిసారి. పరుపులాయన వెనక గదిలో దూది ఏకుతున్నాడు. మనిషిని చూడగానే లేచి నిలబడ్డాడు. మిషను ఆపి, "కూర్చోండి" అన్నాడు. కుర్చీ లేదు. ఫోము షాపాయన దూది గుట్ట మీద కూర్చున్నాడు. కూర్చున్న మనిషి కూర్చున్నట్టే మెల్లగా లోపలికి దిగిపోయి, మోకాళ్ళూ మొహమూ మాత్రం పైన మిగిలాయి.

"నిజమేనా అండీ?" అని అడిగాడు ఆ దూదిలోంచి.

పరుపులాయన కాదనబోయాడు. కానీ ఎదుటి మొహంలో కోపం లేదు. భయమూ లేదు. పరీక్ష పాసయ్యానా అని అడిగే పిల్లవాడి మొహంలా ఉంది.

"షాపు పెట్టి ఇన్నేళ్ళయింది" అన్నాడు ఫోము షాపాయన. "ఒక్కళ్ళు నన్ను ఒక మాట అనలేదండీ. మంచీ అనలేదు, చెడ్డా అనలేదు. ఇంట్లో కూడా అంతే. నేనొచ్చినా టీవీ వైపే చూస్తుంటారు. క్యాలెండర్లో ఫోటో వేయించాను, ఎవరైనా చూసి నవ్వనైనా నవ్వుతారేమోనని. ఎవరూ నవ్వలేదు. తేదీలు చూసుకున్నారు. మీరేమో ఎదురుగా కూర్చుని, నోరు మెదపకుండా, నా కోసం కత్తి చేయిస్తున్నారు. చేత్తో."

"మీ కోసమంటే..."

"ఎప్పటి నుంచండీ నా మీద పగ?"

పరుపులాయన తలుపులోంచి ముందు వైపు బల్ల దగ్గరున్న భార్య వైపు చూశాడు. ఆవిడ దారం పళ్ళతో తెంపుతూ ఈయనేమంటాడో అని చూస్తోంది. కాదంటే ఈ మనిషి అలా దూదిలోనే కూరుకుపోయి చచ్చిపోతాడేమో అనిపించింది ఆయనకి.

"మొదట్నించీ" అన్నాడు మెత్తగా.

ఫోము షాపాయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "మొదట్నించీనా" అన్నాడు. ఆ తర్వాత ఆయన్ని దూదిలోంచి పైకి లాగడానికి భార్యాభర్తలిద్దరూ చెరో చెయ్యీ పట్టుకోవాల్సొచ్చింది.

అప్పటి నుంచి ఫోము షాపాయన మనిషే మారిపోయాడు. రోడ్డు మీద పరుపులాయన ఎదురైతే మొహం అటు తిప్పేసుకుని, భుజాలు విరుచుకుని వెళ్ళేవాడు. కాసేపటికి ఫోను చేసేవాడు. "ఇందాక మరీ ఎక్కువైందా అండీ? మీరేం బాధపడలేదు కదా?"

"లేదండీ. సరిగ్గా ఉంది."

"ఉమ్మేద్దామనుకున్నాను గానీ మీ మెట్ల మీద పడుతుందని ఊరుకున్నాను."

ఇంట్లో కూడా చెప్పుకున్నాడు. తన మీద ఒకాయన పగబట్టి కత్తి చేయిస్తున్నాడనేసరికి వాళ్ళావిడ టీవీ ఆపేసి, "ఎవరు? ఏమన్నాడు?" అని అడిగిందట. ఆ ముక్క పరుపులాయనకి రెండుసార్లు చెప్పాడు. ఇంకో సంగతి కూడా బతిమాలుకున్నాడు. పగకి కారణం వ్యాపారమని ఎవరితోనూ అనొద్దు, ఇంకేదైనా పెద్ద కారణం ఉందన్నట్టు ఊరుకోండి చాలు అన్నాడు. ఊరుకోవడం పరుపులాయనకి వెన్నతో పెట్టిన విద్య.

నెలాఖరుకి మేస్త్రీ కబురు పెట్టాడు. పరుపులాయన కొత్త పరుపు బండి మీద వేయించుకుని వెళ్ళాడు. భార్య కూడా వచ్చింది. ఈ మగవాళ్ళు ఏ పిచ్చిపని చేస్తారోనని ఆవిడ అనుమానం.

కత్తి దాగలి మీద గుడ్డ పరిచి పెట్టుంది. బొమ్మలో ఉన్నది తుప్పు పట్టి, కొసలు అరిగి ఉంది. ఇది నిన్న పుట్టినట్టుంది. అలుగు మీద నీళ్ళ మీది అలల్లా సన్నటి చారలు. మధ్య గాడిలో ఇత్తడి అక్షరాలు మిలమిలలాడుతున్నాయి: ఇదేంగోల. భార్య వంగి చదివి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగి నిలబడింది. ఆవిడ భుజాలు చాలాసేపు కదులుతూనే ఉన్నాయి.

పరుపులాయన మాత్రం నవ్వలేదు. పిడి పట్టుకున్నాడు. అది ఆయన అరచేతికి ఎప్పటి నుంచో తెలిసినదానిలా ఒదిగింది. లేపితే మణికట్టు వణకలేదు. ఎంతోమంది ఒంటికి సరిపోయేవి కుట్టాడు గానీ తన ఒంటికి సరిపోయేది ఎవరూ ఏదీ చేసి ఇవ్వలేదు ఇంతవరకు.

గుడ్డలో చుట్టబోతుంటే మేస్త్రీ చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇంకా అవలేదు. ఎవరి మీదకి చేశానో వాడి మీద పడితేనే అయినట్టు."

"చంపమంటారా?"

"అది నీ ఇష్టం. నేను కత్తి సంగతి చెబుతున్నాను."

ఎంత చెప్పినా ముసలాయన వినలేదు. పరుపులాయన పక్కకి వెళ్ళి ఫోము షాపాయనకి ఫోను చేసి పరిస్థితి వివరించాడు. ఆయన కాసేపు ఆలోచించి, వస్తున్నానన్నాడు. తీరా చూస్తే వ్యాను వేసుకుని, అందులో షాపులోకల్లా దళసరి ఫోము పరుపు వేసుకుని వచ్చాడు. క్యాలెండర్లో ఆయన పడుకున్నది అదే.

"ఇది నేనే అనుకోండి" అన్నాడు మేస్త్రీతో.

మేస్త్రీ పరుపు చుట్టూ తిరిగి, గోడ మీది క్యాలెండరుతో పోల్చి చూశాడు. "మెడ ఎక్కడ?"

ఫోము షాపాయన పరుపుని నిలబెట్టి, పక్కన తను నిలబడి, తన మెడ ఎత్తున సుద్దతో రెండు గీతలు గీశాడు. గీసి చాలా దూరం వెళ్ళి నిలబడ్డాడు. మళ్ళీ రెండడుగులు దగ్గరికొచ్చాడు. బాగా కనబడాలి కదా.

పరుపులాయన రెండు చేతులతో కత్తి ఎత్తాడు. రోజూ పొద్దున్నే దుమ్ము దులిపినట్టే, గుండెల్నిండా ఊపిరి తీసి అడ్డంగా ఒక్క వేటు వేశాడు. పట్టు చీర మడత విప్పినట్టు చిన్న చప్పుడైంది. ఏమీ తెగినట్టు కనబడలేదు. ఆ తర్వాత పై ముక్క నెమ్మదిగా, తీరిగ్గా, పక్కకి జారి నేల మీద పడింది.

మేస్త్రీ కళ్ళు మూసుకుని, "ఇప్పుడయింది" అన్నాడు.

ఫోము షాపాయన వచ్చి తన మెడ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తెగిన చోట అరచేత్తో నిమిరాడు. మళ్ళీ నిమిరాడు. తలెత్తినప్పుడు ఆయన మొహంలో పగా లేదు, ఏమీ లేదు. ఒట్టి వ్యాపారి మొహం.

"మా మిషనుతో కోస్తే అంచులు కాలి నల్లబడతాయండీ. రంపంతో కోస్తే పొట్టు రాలి షాపంతా నిండుతుంది. ఇది చూడండి, అద్దంలా ఉంది." లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. "వ్యానులో ఇంకొకటుంది. సోఫాకి. కోస్తారా?"

అలా మొదలైంది. వారానికి రెండు మధ్యాహ్నాలు పరుపులాయన ఇదేంగోలని దుప్పట్లో చుట్టుకుని ఫోము షాపుకి వెళ్ళేవాడు. సోఫా మెత్తలు, బస్సు సీట్లు, ఆస్పత్రి మంచాల పరుపులు, ఏదైనా ఒక్క వేటు. ఒకటే చిక్కొచ్చింది. పగవాడు వచ్చి తన షాపులో పనిచేస్తున్నాడని తెలిస్తే ఇంట్లో మళ్ళీ టీవీ పెట్టేస్తారని ఫోము షాపాయన బెంగపడ్డాడు. అందుకని పరుపులాయన వెనక తలుపు గుండా వెళ్ళి, వెనక తలుపు గుండా వచ్చేటట్టు ఒప్పందం చేసుకున్నారు. ముందు వైపు మాత్రం పగ యథాప్రకారం నడిచింది.

మేస్త్రీ ఒకసారి చూడ్డానికి వచ్చాడు. వెయ్యేళ్ళనాటి తీరు కత్తి కుర్చీ మెత్తలు కోస్తుంటే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి చూశాడు. ఇద్దరూ తప్పు చేసినవాళ్ళలా తలొంచుకున్నారు. "వేటు వేసేటప్పుడు మోచెయ్యి ఎగరేస్తున్నావు" అని మాత్రం అని, కొత్త పరుపు మీద నిద్ర బాగా పడుతోందని చెప్పి వెళ్ళిపోయాడు.

చివరికి ఆ మోచెయ్యే వాచింది. కాపడం పెట్టుకుని మంచం మీద పడుకుంటే, ఆ మధ్యాహ్నం బస్సు సీట్ల పని తప్పదని ఫోము షాపాయన లబోదిబోమన్నాడు. "నేను చూసొస్తాలెండి" అని భార్య దుప్పటి మూట చంకన పెట్టుకుని బయల్దేరింది. పరుపులాయన వద్దనబోయాడు. అప్పటికే ఆవిడ మెట్లు దిగేసింది.

ఆవిడ కత్తి ఎత్తలేదట. వేటు వెయ్యలేదట. ఫోము మీద అలుగు ఆనించి, ఎటో చూస్తూ, వాళ్ళావిడ ఎలా ఉందని ఫోము షాపాయన్ని అడుగుతూ, బట్ట మీద కత్తెర నడిపినట్టు నడిపించిందట. సూటిగీతలే కాదు, మూలలు గుండ్రంగా తిప్పి కోసిందట. కత్తి గుండ్రంగా కోస్తుందని ఆ గదిలో అంతవరకూ ఎవరికీ తెలియదు.

మోచెయ్యి తగ్గాక పరుపులాయన దుప్పటి కోసం వెతుక్కుంటుంటే ఫోను వచ్చింది. "మీరు విశ్రాంతి తీసుకోండి" అన్నాడు ఫోము షాపాయన, చాలా మొహమాటంగా. "అక్కగారిని పంపించండి."

ఆ రోజు పరుపులాయన కొట్టులో ఒంటరిగా కూర్చున్నాడు. భార్య బల్ల దగ్గరికి వెళ్ళి ఒక గలేబు కత్తిరించి చూశాడు. వంకరగా వచ్చింది. మళ్ళీ సరిచెయ్యబోతే మరీ చిన్నదై బొమ్మల దిండుకి కూడా సరిపోకుండా పోయింది. మనసులో ఎక్కడో కలుక్కుమంది. కోపమని అనలేం. బస్సులో కిటికీ పక్క సీటు ఎవరో అడిగితే ఇచ్చేసి, ఆ తర్వాత దారి పొడుగునా వాళ్ళ భుజం మీంచి బయటికి చూస్తున్నట్టుగా ఉంది. దబ్బనం చేతిలో పట్టుకుని ఏవో నాలుగు కుట్లు వేశాడు. చివరికి ఉండబట్టలేక కొట్టు తలుపు దగ్గరికి వేసి రోడ్డు దాటాడు. ఆ తొందరలో వెనక తలుపు సంగతే మర్చిపోయి ముందు మెట్లెక్కేశాడు.

లోపల బేరాలవాళ్ళున్నారు. వాళ్ళ వెనక పొడుగాటి బల్ల దగ్గర భార్య ఇదేంగోల పట్టుకుని నిలబడి ఉంది. పగ ఆయనతోనే గానీ ఆవిడతో కాదు కాబట్టి ఆవిడకి వెనక గది అక్కర్లేకపోయింది. పైట నడుముకి బిగించి కట్టింది. ఎవరో ఇద్దరు ఆడవాళ్ళు ఆవిడ పని నోరు తెరుచుకుని చూస్తున్నారు. పరుపులాయన దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. ఇంత అందంగా ఈ మనిషిని ఎప్పుడు చూశానా అని ఆలోచించబోయాడు.

"వెలుతురుకి అడ్డం తప్పుకోండి" అంది ఆవిడ, తలెత్తకుండానే.

ఆయన పక్కకి జరిగాడు. అప్పుడే ఫోము షాపాయన ఆయన్ని చూశాడు. బేరాలవాళ్ళ ఎదుట ఇక తప్పదు కాబట్టి మొహం ఎర్రగా చేసుకుని, కళ్ళు పెద్దవి చేసి, అసహ్యంగా ఒక చూపు చూసి, గిరుక్కున అటు తిరిగిపోయాడు. తిరిగిపోయి, కౌంటరు కింద నుంచి కాలితో ఒక స్టూలు ఇవతలికి తోశాడు.

పరుపులాయన దాని మీద కూర్చున్నాడు. పైన ఫోము మెత్త వేసి ఉంది. మరీ గట్టిగా ఉందనిపించింది గానీ ఏమీ అనలేదు.